చెల్లెను చదువు మాన్పించే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీది ములుగు దగ్గర చిన్న ఊరు. అమ్మానాన్న ఇద్దరూ కూలికి పోతారు. నువ్వు డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లుగా హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నావు, ఉద్యోగం రాలేదు. చెల్లె ఈ ఏడు పదో తరగతి పాసైంది. "నువ్వు చదివి ఏం తెచ్చినవ్? ఇగ దాన్ని గూడ చదివించి ఏం జెయ్యాలె?" అంటున్నాడు నాన్న. చదువుతోనే పేదరికం పోతుందని ప్రపంచమంతా చెప్తుంది కదా, అది నిజమేనా, లేక ఉన్నోళ్లు మనకు చెప్పే మాటా అని నీ ప్రశ్న.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లా సర్కారు బడుల్లో 35 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అంతకన్నా ముందు చెప్పాల్సింది, మా నాన్న జీతగాడు. జీతం ఉండడం అంటే ఇప్పటి పిల్లలు నెల నెలా వచ్చే డబ్బు అనుకుంటారు. అప్పు తీరేదాకా దొర ఇంట్లో పగలూ రాత్రీ చాకిరీ చేయడం అది. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లో వచ్చింది. అప్పటికి నాకు పన్నెండేళ్లు, పరకాలలో హాస్టల్లో ఉన్నాను. ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి, ఒక పళ్లెం, అంతే నా ఆస్తి. మా వాడలో నాకంటే చురుకైన పిల్లలు ఇద్దరుండేవాళ్లు. వాళ్లు బర్లు కాశారు, నేను టీచర్నయ్యాను. మా మధ్య తేడా తెలివి కాదు. నాకు అన్నం పెట్టి పడుకోనిచ్చే చోటు ఒకటి దొరికింది, వాళ్లకు దొరకలేదు. కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకాల ప్రశ్న కాదు.

నా జవాబు: అవును, నిజమే. కానీ పేదరికం నుంచి బయటపడేసేది చదువు, బడికి పోయి రావడం కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే మీ నాన్న లాంటి వాళ్లు మోసపోయామని అనుకుంటున్నారు.

ముందు ప్రపంచం సంగతి చెప్తాను. ఇండోనేషియా ప్రభుత్వానికి 1970లలో చమురు డబ్బు బాగా వచ్చింది. ఆ డబ్బుతో 1973 నుంచి 1978 దాకా 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టారు. ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్త ఏళ్ల తర్వాత ఆ పిల్లలు పెద్దయ్యాక ఎంత సంపాదిస్తున్నారో చూసింది. బడులు వచ్చేనాటికి చిన్నగా ఉన్నవాళ్లు, అప్పటికే బడి ఈడు దాటిపోయిన వాళ్లకంటే ఎక్కువ ఏళ్లు చదివారు, ఎక్కువ సంపాదించారు. బడులు ఎక్కువ కట్టిన చోట ఆ తేడా ఎక్కువ. అంటే కూలి పెరగడానికి ఆ బడులు కారణమని గట్టిగానే తేలింది. ఆమెకు మరో ఇద్దరితో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. ఇంకో లెక్క యునెస్కోది. పేద దేశాల పిల్లలందరూ కనీసం చదవడం నేర్చుకుని బడి నుంచి బయటికొస్తే 17 కోట్ల మందికి పైగా పేదరికం నుంచి బయటపడతారని అది అంచనా వేసింది. నేర్చుకుని బయటికొస్తే అని చెప్పింది చూడు. అసలు మెలిక అక్కడే ఉంది.

ఒక అమ్మాయి సంగతి చెప్తా. అప్పుడు నేను ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల సారును. దసరా సెలవులు అయిపోయాయి, బడి తెరిచి పది రోజులైంది, ఆరో తరగతి హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన వరసగా గైర్హాజరే. ఆమె ఒక్కతే కాదు, సగం వరసలు అట్లనే ఉన్నాయి. మన దగ్గర పత్తి తీసే రోజుల్లో ఏ బడిలో చూసినా ఇదే. సాయంత్రం సైకిల్ మీద చేనికాడికి పోయాను. తల్లీబిడ్డా నడుముకు ఒడి కట్టుకుని సాలు వెంట వస్తున్నారు. ఎండిన కాయ మొనలు గీరుకుని ఆ పిల్ల వేళ్లు గోళ్ల దగ్గర పగిలి ఉన్నాయి. మోచేతి కింద బాల్‌పెన్నుతో ఏదో రాసి ఉంది. ఏందమ్మా అది అంటే చెయ్యి చాపింది. 11, 9, 13, పదమూడు పక్కన ఓ చిన్న అడ్డగీత. "అది అర, సారూ. మొత్తం ముప్పై మూడున్నర కిలోలు. మేస్త్రీ ముప్పై ఒకటే రాసిండు" అన్నది. ఆ రెండున్నర కిలోల కూలి కోసం మేస్త్రీతో కొట్లాడి మరీ రాయించుకుంది.

వాళ్ల అమ్మను బతిమాలి నాలుగు రోజుల తర్వాత బడికి రప్పించాను. పుస్తకంలో కూడికల లెక్క ఒకటి చెయ్యమన్నాను. లెక్క దాకా పోనే లేదు, మొదటి వాక్యం చదవలేకపోయింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సగంలో ఆగి నా మొఖం చూసింది. ఆరో తరగతి. అయిదేళ్లు బడికి వచ్చిన పిల్ల. ఆ రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

2025లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. కలకత్తా, ఢిల్లీ బజార్లలో కూరగాయలు అమ్మే పిల్లలు నోటి లెక్కలు చకచకా చేసేస్తారు, కానీ బడి లెక్క కాగితం మీద ఇస్తే తడబడతారు. బడి పిల్లలు కాగితం మీద చేస్తారు, బజారులో చేయలేరు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ చెయ్యి గుర్తొచ్చింది. బడి ఉన్నా చదవడం రాకపోవడాన్ని ప్రపంచ బ్యాంకు 'అభ్యసన పేదరికం' అని పేరు పెట్టి లెక్కగట్టింది. పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది చిన్న కథ కూడా చదివి అర్థం చేసుకోలేరని 2019లో చెప్పింది. కరోనా తర్వాత అది 70 శాతానికి చేరి ఉంటుందని అంచనా. వీళ్లలో చాలామంది రోజూ బడికి పోతున్నవాళ్లే.

దీనికి మందు ఉంది, అది ఖరీదైనది కూడా కాదు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా చేసి చూపించింది. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్లకు ఏ మేరకు వచ్చో దాన్ని బట్టి గుంపులు చేసి, రోజుకు గంటో రెండు గంటలో చదవడం, లెక్కలు మాత్రమే చెప్పడం. ఆరో తరగతి పిల్లకు అక్షరాలే రాకపోతే అక్షరాల దగ్గరే మొదలుపెట్టాలి, సిలబస్ ఆగితే ఆగనీ. మన రాష్ట్రంలో సర్కారు 2022లో తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఒకటి నుంచి అయిదు తరగతులకు ఈ ఆలోచనతోనే వచ్చింది. మేము ఆ ఏడు మా బడిలో మా పద్ధతిలో చేశాం. సాయంత్రం ఒక గంట, పద్దెనిమిది మంది. శాతాలు వచ్చేసరికి నేను పుస్తకం పక్కనపెట్టి, పిల్లల్ని ఇంటి నుంచి తక్‌పట్టీలు తెమ్మన్నాను. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మితే ఇచ్చే చీటీ అది. బరువు, రేటు, తరుగు, హమాలీ, కమీషన్ అన్నీ దాంట్లో ఉంటాయి. నూటికి ఎంత కోశారో పిల్లలు లెక్క తీస్తుంటే వెనక బెంచీ పిల్లాడు కూడా ముందుకొచ్చి కూర్చున్నాడు. ఒక తండ్రి మరుసటి వారం బడికొచ్చి, మా వాడు లెక్క చూసి చెప్పిండు సార్, పోయిన చీటీలో ఎక్కువ కోసిన్లు అన్నాడు. ఉద్యోగం ఊసు రాకముందే చదువు ఆ ఇంటికి ఏదో ఇచ్చింది.

ఆ పత్తి చేను అమ్మాయి ఇప్పుడు సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు. సెలైన్ నిమిషానికి ఎన్ని చుక్కలు పోవాలో లెక్కగట్టడం ఆమె రోజూ చేసే పని. హడావుడిలో ఇప్పటికీ చేతి మీదే రాసుకుంటానని చెప్పింది.

ఇక రెండో సంగతి. పేద ఇంట్లో చదువు ఒక్కసారిగా ఆగదు, చిన్న చిన్న ఖర్చుల దగ్గర, కూలి సీజన్ల దగ్గర తెగుతుంది. పత్తి తీసే అక్టోబర్, నవంబర్, మిర్చి ఏరే ఫిబ్రవరి, మార్చి, తునికాకు ఎండాకాలం, ఇటుక బట్టీలైతే ఏడాదిలో ఆరేడు నెలలు. బడికి పంపడం ఉచితమే, కానీ పిల్ల తెచ్చే కూలి పోతుంది కదా, దాన్ని ఎవరిస్తారు? మెక్సికో ప్రభుత్వం 1997లో ఈ ముడి విప్పింది. పిల్లలు బడికి వస్తే తల్లి చేతికి డబ్బు ఇచ్చింది, పై తరగతుల ఆడపిల్లలకు ఇంకొంచెం ఎక్కువ. పై తరగతుల్లో చేరే పిల్లలు పెరిగారు. కెన్యాలో కడుపులో నులి పురుగులకు మాత్రలు ఇస్తే బడి ఎగ్గొట్టడం దాదాపు నాలుగోవంతు తగ్గింది. మన దేశంలో 2015 నుంచి బడుల్లో అందరికీ ఆ మాత్ర ఇస్తున్నారు, నువ్వూ మింగే ఉంటావు. మధ్యాహ్న భోజనం సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2001లో సుప్రీంకోర్టు వండిన అన్నం పెట్టాల్సిందేనని ఆదేశించింది. మా బడిలో సోమవారం నాడు పిల్లలు ఎంత ఆత్రంగా తినేవాళ్లో చూసినవాడికి, ఆదివారం ఇంట్లో ఏముందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు ఎం.వి. ఫౌండేషన్ తరఫున 1991 నుంచి చేసిన పని నువ్వు తెలుసుకోవాలి. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే, మధ్యలో వేరే పేరు లేదని వాళ్లు తేల్చి చెప్పారు. పనిలో ఉన్న పిల్లల్ని తెచ్చి శిబిరాల్లో పెట్టి, వెనకబడిన చదువు చెప్పి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్పించారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇంత పేదవాళ్లు పిల్లల్ని బడికి పంపరు అని అనుకునే అధికారులందరికీ అది గట్టి జవాబు. పంపుతారు. ఎవరైనా వచ్చి అడిగి, దారి చూపిస్తే పంపుతారు. నా అనుభవం కూడా అంతే. బడిబాటలో ఇంటింటికీ తిరిగిన ఏళ్లలో, మా పిల్లకు చదువొద్దు అని మనసులో ఉన్న తల్లిని నేను ఒక్కరినీ చూడలేదు.

హాస్టళ్లు, గురుకులాల వల్ల జరిగినంత మేలు ఇంక దేనివల్లా జరగలేదని నా నమ్మకం. మన పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల పెట్టారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, కూలి పని చేసే తల్లిదండ్రుల బిడ్డ, తాడ్వాయి సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. శిఖరం గొప్పదే, కానీ నాకు అంతకంటే గొప్పగా కనిపించేది, ఏ సీజన్‌లోనూ ఆమెను చేనికి పిలవకుండా ఆపిన ఆ హాస్టల్ గేటు.

ప్రైవేటు బడి గురించి ఒక్క మాట. మీ ఊళ్లో కూడా కూలి చేసి, చిట్టీ ఎత్తి, చిన్నపిల్లల్ని బస్సెక్కించే వాళ్లు ఉండే ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లు కార్తీక్ మురళీధరన్ బృందం ఒక అధ్యయనం చేసింది. లాటరీ తీసి కొందరు పేద పిల్లల్ని ఫీజు కట్టి ప్రైవేటులో చేర్పించారు, మిగతావాళ్లు సర్కారు బడిలోనే ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ఇద్దరి మధ్య తేడా రాలేదు, హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు మెరుగు. కాబట్టి అప్పు చేసి ఫీజు కట్టే ముందు, పిల్ల తెలుగు పేపర్ ఒక పేరా చదివి చెప్పగలదా అని ఇంట్లోనే చూసుకోమని చెప్తాను. అది రాకపోతే ఏ బడిలో వేసినా లాభం లేదు.

ఇప్పుడు నీ సంగతి. నాన్న మాటకు నీకు బాధ కలిగింది, నాకు అర్థమైంది. దేశంలో సర్వేలు చూస్తే చదువు లేనివాళ్లకంటే డిగ్రీ ఉన్నవాళ్లలోనే నిరుద్యోగం ఎక్కువ. దానికి ఒక కారణం ఉంది. చదువు లేనివాడు ఒక రోజు కూడా ఖాళీగా ఉండలేడు, ఏది దొరికితే అది చేస్తాడు, సర్వేలో పని ఉన్నట్టే లెక్క. చదివినవాడు తగిన పని కోసం ఆగుతాడు. ప్రపంచమంతా కలిపి చూస్తే ఒక్కో ఏడు అదనంగా చదివితే సంపాదన సుమారు 9 శాతం పెరుగుతుందని లెక్క. అది చాలామంది సగటు, రేపే చేతికొచ్చే డబ్బు కాదు. నీ రెండేళ్లు వృథా కాలేదు, కానీ గ్రూప్స్ ఒక్కటే దారి అనుకుంటే వృథా అవుతాయి. ఇంకెంతకాలం చదవాలో ఒక తేదీ పెట్టుకో, ఆలోపు సగం పూట ఏదైనా పని చెయ్. నెలకు ఎంతో కొంత ఇంటికి పంపిన రోజు నుంచి నాన్న మాట తీరు మారుతుంది.

ఇక చెల్లె. నీ ఉద్యోగానికీ ఆమె చదువుకూ ముడిపెట్టొద్దు. ఆడపిల్ల చదువు ఫలితం జీతంతోనే ఆగదు. 1970 నుంచి 2009 దాకా ప్రపంచంలో అయిదేళ్లలోపు పిల్లల చావులు ఎంత తగ్గాయో, అందులో సగానికి పైగా ఆడవాళ్ల చదువు వల్లనే అని 175 దేశాల లెక్కలు చూసినవాళ్లు తేల్చారు. చదివిన తల్లి జ్వరం వచ్చిన బిడ్డను ఎప్పుడు దవాఖానకు తీసుకుపోవాలో తెలుసుకుంటుంది, మందు సీసా మీద రాసింది చదువుతుంది. చట్టం కూడా ఇక్కడ మనకు అండగా లేదు. 2010 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకానే. ఆ తర్వాత పిల్లను బడిలో ఉంచేది ఇంటివాళ్ల నిర్ణయమే. నేను చూసినంతలో పది నుంచి ఇంటర్‌కు మారే ఆ రెండు నెలల్లోనే ఆడపిల్లల చదువు ఎక్కువ పోతుంది. సెలవులు కదా అని ఇంట్లో ఉంటుంది, మిర్చి కల్లానికి పోతుంది, సంబంధం వస్తుంది, జూన్ వచ్చేసరికి కథ అయిపోతుంది.

అందుకని వెంటనే చెయ్యాల్సిన పనులు చెప్తున్నా. మార్కులు బాగుంటే బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టించు. 2008లో మొదలైంది, పదో తరగతి తర్వాత ఆరేళ్ల కోర్సు, ఉండటం తినడం అక్కడే. సర్కారు బడి పిల్లలకు కొంత వెయిటేజీ ఉంటుంది. నోటిఫికేషన్ పది ఫలితాల తర్వాత కొద్ది రోజులకే వస్తుంది, చాలామంది తెలియక పోగొట్టుకుంటారు. సీటు రాకపోతే గురుకుల జూనియర్ కాలేజీ, కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ ఉన్నచోట అది, పాలిసెట్ రాసి ఉంటే పాలిటెక్నిక్. ఇవేవీ కాకపోతే మీ దగ్గరి సర్కారు జూనియర్ కాలేజీ. నర్సింగ్ మీద మనసుంటే ఇంటర్ వొకేషనల్‌లో ఆరోగ్య కోర్సులు ఉన్నాయి, అడగండి. ఎనిమిదో తరగతిలో చుట్టాల పిల్లలు ఎవరైనా ఉంటే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు నేరుగా ఖాతాలో పడతాయి.

అన్నిటికంటే ముందు కాగితాలు. పేద పిల్లల స్కాలర్‌షిప్‌లు తెలివి లేక కాదు, పేరులో ఒక అక్షరం తేడాతో ఆగుతాయి. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్కటిగా ఉన్నాయా చూడు. ఇంటి పేరు ముందుందా వెనకుందా అన్నది కూడా చూడు. తేడా ఉంటే ఈ వారమే మీసేవకు పోయి ఆధార్ సరిచేయించు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసిపెట్టు, జూన్‌లో లైన్లు ఎక్కువ. టీసీ, మెమో, బోనఫైడ్ నాలుగేసి జిరాక్స్‌లు ఉంచు. ఒరిజినల్స్ ఇచ్చేచోట తప్పకుండా రసీదు తీసుకో. నా దగ్గర చదివిన ఒకమ్మాయి సర్టిఫికెట్లు ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఏడాదిన్నర పట్టుకుని కూర్చున్నారు. ఆమెకు వచ్చిన ఉద్యోగం అట్లనే పోయింది. నేను మూడుసార్లు పోయి అడిగినా లాభం లేకపోయింది, ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కాబట్టి సర్కారు కాలేజీలో సీటు దొరికేంతవరకు ప్రైవేటు వాళ్ల మనుషులు ఇంటికొచ్చి బస్సు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ అంటే సంతకం పెట్టొద్దు.

నాన్నతో వాదన పెట్టుకోకు. ఆయన చదువుకు శత్రువు కాదు, అలసిపోయిన మనిషి. పనికి పోయొచ్చి, అన్నం తిన్నాక కూర్చుని, రెండేళ్ల ఇంటర్‌కు అయ్యే ఖర్చు ఒక కాగితం మీద రాసి చూపించండి. బస్సు పాస్, నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజు, రెండు జతల బట్టలు ఒకవైపు. నువ్వు పంపేది, స్కాలర్‌షిప్ వచ్చేది ఇంకోవైపు. చెల్లె చేనికి పోకపోతే తగ్గే కూలి కూడా దాచకుండా అందులో రాయండి, ఆయన మనసులో తిరుగుతున్నది అదే. ఆ సీజన్ రోజుల్లో ఆదివారాలు ఆమె పోతానంటే అదీ రాయండి. అడిగేది రెండేళ్లే అడగండి. ఆ కాగితం నువ్వు రాయకు, చెల్లెతో రాయించి ఆమెతోనే చదివించు.